మీ ప్రశ్న – మా జవాబు: సమాజమందిరంలో పదో మనిషి

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద వచ్చాయి. చిన్న ఊళ్ళలో, గుప్పెడు కుటుంబాలతో నడిచే యూదుల ప్రార్థనాలయాల గురించి. తెలుగు బైబిల్ చదివినవాళ్ళు వీటిని సమాజమందిరాలంటారు, బయట సినగాగ్ అంటారు. అడిగినవాళ్ళలో చాలామంది మహారాష్ట్ర కొంకణ్ తీరంలో ఉంటున్న తెలుగువాళ్ళు. అక్కడి యూదులు బెనె ఇజ్రాయెల్. ఒకప్పుడు పల్లెల్లో గానుగలాడించి నూనె తీసేవారు, శనివారం గానుగ కట్టేసేవారు. అందుకే వాళ్ళను ‘శనివార్ తేలీ’ అని పిలిచేవారు. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఎక్కువమంది అక్కడికి వెళ్ళిపోయారు. మిగిలిన కొద్దిమందే ఈ మందిరాలు నడుపుతున్నారు.

ప్రశ్న: ఉద్యోగం మీద అలీబాగ్ వచ్చాం. పక్కింటి యూదుల పెద్దాయన శనివారం ఉదయం తమ మందిరానికి రమ్మన్నారు. మేం హిందువులం. వెళ్ళొచ్చా? ఏం పాటించాలి?
— ఒక పాఠకురాలు, అలీబాగ్

నిస్సందేహంగా వెళ్ళండి, పిలిచారు కదా. మీ ఊళ్ళోది మాగెన్ అబోత్ మందిరం. 1848లో కట్టారు, 1910లో తిరిగి నిర్మించారు. అది ఉన్న వీధినే ఇజ్రాయెల్ ఆళీ అంటారు. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. 2008 ముంబై దాడుల్లో యూదుల కేంద్రం మీద కూడా దాడి జరిగింది. అప్పటినుంచి చాలా మందిరాల్లో గుర్తింపు కార్డు చూస్తున్నారు.

మగవాళ్ళు తల కప్పుకోవాలి. చిన్న గుండ్రటి టోపీ గుమ్మం దగ్గర ఇస్తారు, లేకపోతే చేతిరుమాలు చాలు. ఆడవాళ్ళు భుజాలు, మోకాళ్ళు కనబడకుండా చూసుకుంటే సరిపోతుంది. చీర బాగుంటుంది. కూర్చునే చోటు ఆడవాళ్ళకు వేరుగా ఉంటుంది. చెప్పుల సంగతి ఊరిని బట్టి మారుతుంది. 1568 నాటి కొచ్చి పరదేశి మందిరంలో బయటే విడవాలి, అన్నిచోట్లా అలా కాదు. మీ పక్కింటాయన ఎలా చేస్తే మీరూ అలా చేయండి.

ఎక్కువమంది పొరపాటు చేసేది కానుకల దగ్గర. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడి మూడు నక్షత్రాలు కనబడేదాకా విశ్రాంతి దినం. ఆ వేళలో డబ్బు ముట్టుకోరు, రాయరు, స్విచ్ వేయరు, ఆపరు. మీరు హుండీ వెతికి నోటు తీస్తే వాళ్ళు ఇబ్బందిపడతారు. ఇవ్వాలనుకుంటే ఆదివారం ఇవ్వండి. కొబ్బరికాయ, అగరుబత్తి, పూలదండ వద్దు. ఫోన్ ఇంట్లో వదిలేయడమే మేలు. సైలెంట్‌లో పెట్టినా చేతిలో వెలుగుతున్న తెర అక్కడ కళ్ళలో పడుతుంది.

లోపల పడమటి గోడకు తెర కట్టిన బీరువాలాంటిది కనిపిస్తుంది. తోరా, అంటే ధర్మశాస్త్రం రాసిన తోలు చుట్టలు, అందులో ఉంటాయి. యెరూషలేము ఇక్కడినుంచి పడమట ఉంది కాబట్టి ఆ ముఖంగా ప్రార్థిస్తారు. తూర్పు ముఖం అలవాటైన మనకు కాసేపు దిక్కు తప్పినట్టుంటుంది. ఆ తలుపు తెరిచినప్పుడల్లా అందరితోపాటు లేచి నిలబడండి. చుట్టను ఊరేగిస్తూ మీ పక్కగా తెచ్చినప్పుడు దాన్ని తాకనక్కర్లేదు. ఇంకొక్క మాట. గోడవారగా అలంకరించిన కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చోకండి. అది ఎలియా ప్రవక్తది. మగపిల్లవాడికి సున్నతి చేసే రోజున బిడ్డను దానిమీద ఉంచుతారు.

ఉదయం ప్రార్థన రెండు మూడు గంటలు సాగుతుంది. మధ్యలో బయటికి వెళ్ళి వస్తే ఎవరూ తప్పు పట్టరు. చుట్ట బయట ఉన్నప్పుడు మాత్రం కదలకండి. పలకరింపు ‘షబ్బాత్ షాలోమ్’.

ప్రశ్న: వెళ్ళాం. గంటసేపు ఎవరూ ప్రార్థన మొదలుపెట్టలేదు, తొమ్మిదిమందే వచ్చారని ఒకరికొకరు చెప్పుకున్నారు. మా వారు పదోవారు కాకూడదా?
— అదే పాఠకురాలు, మరో ఉత్తరంలో

కాకూడదు. ఆ పదిమందీ యూదులే అయి ఉండాలి, పదమూడేళ్ళు నిండాలి. సంప్రదాయ మందిరాల్లో మగవాళ్ళనే లెక్కిస్తారు. అమెరికాలోని సంస్కరణవాద మందిరాలన్నిట్లో, మధ్యేమార్గపు మందిరాల్లో చాలావాటిలో ఆడవాళ్ళూ లెక్కలోకి వస్తారు. ఈ పదిమంది గుంపును ‘మిన్యాన్’ అంటారు. చిన్న ఊరి మందిరంలో మిగతాదంతా దీని వెనకే.

పది లేకపోతే ఏం ఆగుతుందో తెలిస్తే వాళ్ళ ఆరాటం అర్థమవుతుంది. ఎవరి ప్రార్థన వాళ్ళు మెల్లగా చదువుకోవచ్చు, దానికి అడ్డులేదు. కానీ తోరా చుట్ట తీసి ఆశీర్వాదాలతో చదవడం కుదరదు. ముఖ్య ప్రార్థనను పైకి తిరిగి చెప్పడం ఉండదు. పోయినవారి కోసం పిల్లలు చెప్పే ‘కద్దిష్’ కూడా చెప్పకూడదు. తల్లిదండ్రులు పోతే పదకొండు నెలలు కద్దిష్ చెప్పాలి. ఊళ్ళో తొమ్మిదిమందే ఉంటే ఆ కొడుకు పక్క ఊరికి పోవాలి, లేదా పదో మనిషిని బతిమాలి తెచ్చుకోవాలి. మీరు చూసిన ఆ గంటలో అటువంటివాడు ఒకడు గుమ్మం వైపే చూస్తూ కూర్చుని ఉండొచ్చు.

వాళ్ళు తలలు లెక్కపెట్టిన తీరు గమనించారా? మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కించకూడదని వారి నియమం. కీర్తనల గ్రంథం 28వ అధ్యాయం తొమ్మిదో వచనంలో హీబ్రూలో సరిగ్గా పది మాటలున్నాయి. నీ ప్రజలను రక్షించుము అని మొదలవుతుంది. ఒక్కొక్కరి మీద చూపు నిలిపి ఒక్కో మాట చెప్పుకుంటూ పోతారు. చివరి మాటకు మనిషి దొరికితే మిన్యాన్ కుదిరినట్టు.

పదిమందితో మొదలైన భాగంలో మధ్యలో ఎవరైనా వెళ్ళిపోతే, కనీసం ఆరుగురు మిగిలితే ఆ భాగాన్ని పూర్తి చేసుకోవచ్చు. కొత్త భాగం మాత్రం మొదలుపెట్టలేరు. అందుకని ముందే వెళ్ళాల్సినవాళ్ళు తోరా పఠనం అయ్యేదాకా ఉండటం మర్యాద.

చిన్న మందిరాలు దీన్ని ఎలా నెట్టుకొస్తాయంటే, గురువారానికే ఒకరు కూర్చుని ఫోన్లు చేస్తారు. శనివారం పొద్దున చేద్దామంటే వీల్లేదు, ఫోన్ ముట్టరు. ముంబై నుంచి వచ్చే బంధువుల్లో నియమం గట్టిగా పట్టేవాళ్ళు విశ్రాంతి దినాన బండి ఎక్కరు. శుక్రవారం సాయంత్రానికే చేరి రాత్రి ఉండాలి, అంటే పడక, భోజనం ముందే సిద్ధం చేయాలి. వానాకాలంలో ముంబై గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి అలీబాగ్ దగ్గరి మాండ్వా రేవుకు నడిచే చిన్న పడవలు ఆగిపోతాయి, ప్రయాణం కష్టమవుతుంది. అందుకే సంవత్సరీకాల్లాంటివి జూన్–ఆగస్టుల్లో పడితే రెండు వారాల ముందే చెప్పాలి. తొమ్మిదిమందే తేలితే వచ్చినవాళ్ళను ఉత్తచేతులతో పంపకండి. ఆ వారం తోరా భాగాన్ని అచ్చు పుస్తకంలోంచి ఆశీర్వాదాలు లేకుండా చదువుకోవచ్చు. వచ్చే వారం మళ్ళీ రావాలంటే ఈ వారం ఏదో ఒకటి జరగాలి.

ప్రశ్న: తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారా?
— ఒక పాఠకుడు, తెనాలి

మీకు దగ్గరలోనే ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో ‘బెనె ఎఫ్రాయిం’ అనే చిన్న సంఘం ఉంది. మాదిగ కుటుంబాలు, క్రైస్తవం నుంచి ఇటు వచ్చినవి. తాము ఎఫ్రాయిం గోత్రీకులమని వారి విశ్వాసం. 1990ల తొలినాళ్ళ నుంచి వారికి సొంత మందిరం ఉంది. ఇంట్లో తెలుగు, మందిరంలో నేర్చుకున్న హీబ్రూ.

ప్రశ్న: కొంకణ్‌లో ఒక మందిరం చూసుకునే మిత్రుడి తరఫున రాస్తున్నాను. వానలు పడ్డాక తోరా చుట్ట తోలు అలలు తిరిగింది. రెండు చోట్ల సిరా పెచ్చులు లేస్తోంది. ఎండలో పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?
— ఒక పాఠకుడు, పన్వేల్

ఎండలో పెట్టవద్దు. ఈ జవాబు చదివిన వెంటనే మీ మిత్రుడికి ఆ ఒక్క మాట చెప్పండి, మిగతాది తీరిగ్గా చదవండి.

అది తినదగిన జంతువుగా ధర్మశాస్త్రం ఒప్పుకున్న పశువు తోలు, సాధారణంగా ఆవుది. మొత్తం 3,04,805 అక్షరాలు. ఈకకలంతో రాయసగాడు, వాళ్ళ భాషలో ‘సోఫేర్’, ఏడాది పైచిలుకు కూర్చుని రాస్తాడు. ఒక్కో తోలు షీటులో మూడు నాలుగు పేజీల వరసలు పడతాయి. షీటుకూ షీటుకూ మధ్య కుట్టు పశువు నరంతో తీసిన దారంతోనే ఉంటుంది. సిరా కాగితంలోలా తోలులోకి ఇంకదు, పైన పొరలా కూర్చుంటుంది. తోలు తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఆ సాగడం, ముడుచుకోవడంలో పైన ఉన్న సిరా పొర తాళలేక పగిలి రాలుతుంది. ఎండలో పెడితే అదే పని వారంలో కాకుండా గంటలో అవుతుంది. దాంతోపాటు కుట్లు తెగుతాయి.

కాబట్టి గాలిలో తేమ ఎంత తక్కువుంటే అంత మంచిదనుకోవద్దు. అది ఎంత నిలకడగా ఉందన్నదే ముఖ్యం. సుమారు 50 శాతం తేమ మంచిది. కొంకణ్‌లో అది కుదరకపోయినా, ఒకేలా ఉండేలా చూడొచ్చు. శనివారం మూడు గంటలు మాత్రమే ఏసీ నడిచే మందిరాల్లో చుట్టలు త్వరగా పాడవుతాయి. వేస్తే రోజూ వేయాలి, లేదా అసలు వద్దు. చాలామంది పాలిథిన్ సంచిలో చుట్టి భద్రం చేశామనుకుంటారు. లోపల చిక్కిన తేమకు బూజు పడుతుంది. నాఫ్తలీన్ ఉండలు తోలుకు ఆనించి పెట్టకండి. సిలికా జెల్ పొట్లాలు బీరువా మూలల్లో పెట్టండి, చుట్టకు తగలకుండా. రంగు మారాక మార్చకపోతే అవి ఉన్నా లేనట్టే. పదిహేను రోజులకోసారి బీరువా తలుపు పొడిగా ఉన్న పూట గంటసేపు తెరిచి ఉంచండి. బయటి గోడకు బీరువా వెనక భాగం ఆనుకుని ఉంటే నాలుగు వేళ్ళ సందు వదలండి. కొంకణ్ గోడలు వానాకాలమంతా చెమ్మ పీలుస్తాయి.

ఇక పెచ్చులు లేచిన చోటు. పెన్ను పెట్టి దిద్దవద్దు, టేపు అసలు వద్దు. ఒక్క అక్షరం చెరిగినా, విరిగినా ఆ చుట్టను చదవడానికి వాడకూడదు. దిద్దడానికి అర్హుడైన సోఫేర్ కావాలి. తప్పు దేవుని నామంలో పడితే దాన్ని చెరపకూడదు కాబట్టి ఆ షీటు మొత్తం మార్చాల్సి వస్తుంది. అందుకే తొందరపడి చేయి పెట్టడం ఖరీదైన తప్పు. పాడైన చోటు ఫోటో తీసి, ఏ గ్రంథం, ఏ అధ్యాయం, ఏ మాట అన్నది రాసి సోఫేర్‌కు పంపండి. ఆ తర్వాత చుట్టను కట్టే పట్టీని వస్త్రపు తొడుగు లోపల కాకుండా పైన కట్టండి. చూసినవాళ్ళకు ఈ చుట్ట చదవడానికి పనికిరాదని గుర్తు అదే.

అక్షరం సగం అరిగి, అది ఆ అక్షరమేనా కాదా అని పెద్దవాళ్ళకు సందేహం వస్తే ఒక పాత పద్ధతి ఉంది. అక్షరాలు నేర్చిన చిన్నపిల్లవాడిని పిలుస్తారు. మరీ తెలివైనవాడు కాకూడదు, అర్థాన్ని బట్టి ఊహించి చెప్పేస్తాడు. మరీ మందమతి కూడా కాకూడదు. చుట్టూ ఉన్న అక్షరాలు మూసి ఇదేమిటని అడుగుతారు. వాడు సరిగ్గా చదివితే చుట్ట బాగున్నట్టే. ఇది సందేహానికే. అక్షరం పూర్తిగా పోతే పిల్లవాడి మాట చెల్లదు.

మందిరంలో ఒక్కటే చుట్ట ఉంటే రెండు సంగతులు ముందే తేల్చుకోవాలి. మొదటిది, చదువుతుండగా లోపం కనబడితే రెండో చుట్ట తీసి కొనసాగిస్తారు. రెండో చుట్ట లేనివాళ్ళు ఏం చేయాలో సంప్రదాయాన్ని బట్టి తేడా ఉంది. మీ రబ్బీని, అంటే మతగురువును, ఇప్పుడే అడిగి బల్ల సొరుగులో రాసి పెట్టుకోండి. ఆ క్షణంలో పదిమందీ పది మాటలు చెబుతారు. రెండవది, నెలపొడుపు శనివారం నాడు వచ్చిందంటే రెండు వేర్వేరు చోట్ల చదవాలి. చుట్ట ఒకటే అయితే మధ్యలో ఆపి తిప్పుకోవాలి, జనం కూర్చుని చూడాలి. ఇద్దరు, రెండు వైపులా నిలబడి, వేళ్ళతో తోలు తాకకుండా కర్రలే తిప్పుతూ పోవాలి. ఒంటరిగా తిప్పితే ఒకవైపు వదులై మడత పడుతుంది. మొదటి భాగం చోటు మాత్రం శుక్రవారం పగలే తీసి ఉంచాలి.

చదివేటప్పుడు వరస తప్పకుండా ‘యాద్’ అనే వెండి చేతికర్ర వాడతారు. వేలి చెమట, నూనె తగిలిన చోట సిరా త్వరగా పోతుంది. దాన్ని కూడా అక్షరానికి కొద్దిగా పైన ఆడించాలి, రుద్దకూడదు. మీ మిత్రుడు ఆ రెండు పెచ్చులున్న చోట్లు తరచూ చదివే భాగాలేమో ఒకసారి చూడమనండి.

ప్రశ్న: థానేలో మా స్నేహితురాలి ఇంట్లో నిశ్చితార్థానికి మలీదా (అటుకులు, కొబ్బరి కలిపిన తీపి) చేశారు. నేనూ సాయం చేయాలని చూశాను, జీడిపప్పు నేతిలో వేయిస్తానంటే వద్దన్నారు. ఎందుకు? ఎలా చేస్తారు?
— ఒక పాఠకురాలు, థానే

మాంసంతోపాటు పాల పదార్థం తినకూడదు. ఆ తర్వాత భోజనంలో మాంసం ఉంటే నెయ్యి తగిలిన మలీదా పనికిరాదు. బెనె ఇజ్రాయెల్ కూరల్లో కొబ్బరిపాలు అంతగా కనబడటానికి కారణం కూడా ఇదే.

ఇరవైమందికి అరకిలో మధ్యరకం అటుకులు, ఒక పెద్ద కొబ్బరికాయ తురుము, 200 గ్రాముల పంచదార, ఆరేడు యాలకులు, కొద్దిగా బాదం, పిస్తా. అటుకులు రెండు నీళ్ళు కడిగి వెంటనే జల్లెట్లో వేసి పావుగంట ఉంచండి. పలచటి అటుకులైతే ముద్దవుతాయి. అన్నీ కలపడం ప్రార్థనకు కాస్త ముందే చేయాలి. కొబ్బరి, పంచదార కలిస్తే నీరూరుతుంది, ఎండాకాలం రెండు మూడు గంటల్లో పులుపు తిరుగుతుంది. పళ్ళెంలో కుప్పగా పోసి చుట్టూ ఐదు రకాల పళ్ళు, గులాబీ రేకులు పెడతారు.

ఎలియా ప్రవక్త పేరిట పాడాక, ఒక్కో రకానికి వేరే ఆశీర్వాదం చెప్పి తింటారు. ఖర్జూరం, ఆపిల్ చెట్టు ఫలాలు. అరటిపండు మాత్రం భూమి ఫలం కింద వస్తుంది. గెల కోశాక ఆ బోదె మళ్ళీ కాయదు, కాబట్టి అది చెట్టు లెక్కలోకి రాదు. అరటితోట ఉన్న మనవాళ్ళెవరికైనా ఈ వాదన వెంటనే ఒప్పుతుంది.

ద్రాక్షారసం దొరకని చోట వాళ్ళు నల్ల ఎండుద్రాక్షతో పానీయం చేసుకుంటారు. పావుకిలో ద్రాక్ష నూనె జిడ్డు పోయేలా కడిగి, అరలీటరు వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి, నలిపి గుడ్డలో వడగట్టండి. శుక్రవారం పగలే అయిపోవాలి. విశ్రాంతి దినాన పిండడం కుదరదు. నీళ్ళు ఎక్కువైతే రుచి పోవడమే కాదు, దానిమీద ద్రాక్షారసపు ఆశీర్వాదం చెప్పకూడదు. ఆశీర్వాదం చెప్పే గిన్నెలో కనీసం 86 మిల్లీలీటర్లు పట్టాలి, కొందరు 150 అంటారు.

ప్రశ్న: యూదులు సంవత్సరీకం మనలా తిథి ప్రకారమే చేస్తారా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

పోలిక చాలానే ఉంది. వాళ్ళ నెల కూడా అమావాస్య తర్వాత మొదలవుతుంది, 29 లేదా 30 రోజులు. చాంద్రమానాన్ని రుతువులతో కలపడానికి మనకు అధికమాసం ఉన్నట్టే వాళ్ళకూ ఉంది. 19 ఏళ్ళలో ఏడుసార్లు వస్తుంది. మనకు అది వేర్వేరు నెలల్లో రావచ్చు, వాళ్ళకు ఎప్పుడూ అదారు నెలే రెండుసార్లు వస్తుంది. అందుకే వారి కొత్త సంవత్సరం చాలా ఏళ్ళు మన శరన్నవరాత్రుల మొదట్లోనే పడుతుంది. 2025లో రెండూ సెప్టెంబరు 22నే మొదలయ్యాయి.

తేడా రోజు మొదలయ్యే వేళలో ఉంది. మనకు సూర్యోదయం, వాళ్ళకు సూర్యాస్తమయం. శుక్రవారం రాత్రి 8 గంటలకు పోయినవారి తేదీ శనివారానిదే. మరణ ధ్రువపత్రం చూసి లెక్కవేసేవాళ్ళు ఇక్కడే ఒకరోజు తప్పుతారు. పోయిన వేళ కూడా రాసుకోవాలి. మామూలు సంవత్సరంలో అదారులో పోతే, రెండు అదార్లు వచ్చిన ఏడు ఏ అదారులో చేయాలన్నది సంఘాన్ని బట్టి ఉంటుంది. ముందురోజు సూర్యాస్తమయానికి 24 గంటలు వెలిగే దీపం పెడతారు. కద్దిష్‌కు పదిమంది కావాలి గనక, మందిరం వాళ్ళు ఏడాది మొదట్లోనే అందరి తేదీలూ ఇంగ్లీషు క్యాలెండర్‌లో గుర్తుపెట్టి గోడకు తగిలిస్తే సగం కష్టం తీరుతుంది.

ప్రశ్న: అమెరికాలో చిన్న ఊళ్ళో ఉంటాం. మా అమ్మాయి క్లాస్‌మేట్ బాత్ మిట్స్వాకు (ధర్మశాస్త్రం పాటించే వయసు వచ్చిన ఆడపిల్లకు మందిరంలో జరిపే వేడుక) పిలిచారు. కానుక ఎంత? వంట చేసి తీసుకెళ్ళొచ్చా?
— ఒక పాఠకురాలు, ఒహాయో

డబ్బు ఇస్తే 18 డాలర్లు లేదా దాని రెట్లు, 36, 54, 72. హీబ్రూలో జీవం అనే మాటకు అక్షరాల విలువ కూడితే 18 వస్తుంది. మనం 116 ఇచ్చినట్టే అనుకోండి. కవరు మందిరానికి తీసుకెళ్ళకుండా ఇంటికి పంపండి. వండినది వద్దు. మీది శాకాహారమే అయినా మీ గిన్నెలు వారి నియమానికి సరిపోవు. కోయని పళ్ళు, లేదా వలయంలో యు అక్షరం ముద్ర ఉన్న సీలు తీయని పొట్లాలు తీసుకెళ్ళండి.

ఆ పిల్ల చదవబోయే చుట్టలో అచ్చులూ ఉండవు, స్వరాల గుర్తులూ ఉండవు. వేదం స్వరంతో నేర్చినట్టు నెలల తరబడి పుస్తకం చూసి నేర్చి, చుట్ట ముందు గుర్తున్నదాన్ని బట్టి పాడాలి. చదువుతూ తడబడితే పక్కనున్నవాళ్ళు మాట అందిస్తారు, అది అక్కడ మామూలు. చప్పట్లు కొట్టకండి. కొన్నిచోట్ల చివర్లో పిల్లమీదికి మెత్తటి చాక్లెట్లు విసురుతారు. మీ అమ్మాయికి ముందే చెప్పండి, గట్టివి పట్టుకెళ్ళొద్దని.

ప్రశ్న: యూదుల ఇంట్లో పోయినవారుంటే పరామర్శకు ఎలా వెళ్ళాలి?
— ఒక పాఠకుడు, పుణె

అంత్యక్రియలయ్యాక ఏడు రోజులు ఇంట్లోనే కూర్చుంటారు, తక్కువ ఎత్తు పీటల మీద. తలుపు తీసే ఉంటుంది, గంట కొట్టకండి. వాళ్ళు మాట్లాడేదాకా మీరు మొదలుపెట్టకండి. మౌనంగా కూర్చుని లేచి వచ్చినా మర్యాదే. పూలు వద్దు, పళ్ళు తీసుకెళ్ళండి. సాయంత్రం ఆ ఇంట్లోనే ప్రార్థన జరుగుతుంది, పదిమందికి కుర్చీలు సరిపోకపోతే మీ ఇంట్లోవి ఇవ్వండి. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా మాత్రం వెళ్ళకండి. ఆ ఒక్కరోజు దుఃఖాన్ని బయటికి చూపరు.